నీళ్ళు నిండుకున్నాయి

నమోదు 6 – భరణి కార్తె

మతిశాఖ వారికి పిల్లుట్ల హాసిని రాస్తున్నది. హాసిని అంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండేది అని అర్థం. మా అమ్మానాన్న ఆశకొద్దీ పెట్టుకున్నారు. ఇప్పుడు నాకు అరవై రెండేళ్ళు. మేముంటున్న ఈ గుంతలో నేను నవ్వగా చూసినవాళ్ళు తక్కువ.

యాభై దాటిన ప్రతివాళ్ళూ రోజూ మతిపలక మీద నాలుగు ముక్కలు రాయాలని మీ హుకుం. ఏం చేశాం, ఏం తిన్నాం, ఎవరితో మాట్లాడాం అన్నీ రాయాలి. మా రాతలో మాట తడబడినా, ఒక పేరు బదులు ఇంకో పేరు పడినా మీకు తెలిసిపోతుందట. రాయకపోతే రేషన్ కోత. సరే, రాస్తున్నాను. తిట్లు రాయకూడదని ఎక్కడా లేదు కాబట్టి అవి కూడా వస్తుంటాయి.

ఇవాళ చేసిన పనులు. ఎండెక్కక ముందే పైకి వెళ్ళి, గుంత మీద కప్పిన తెల్ల పట్టాలు బిగించి కట్టాం. ఇది ఒకప్పుడు నాపరాయి తవ్విన గుంత. రాయంతా తవ్వుకుని వదిలేసి పోయారు. పైన పల్నాడులో వేసవి పగలు మనిషి బతకలేని రోజులు వచ్చాక మేము ఇందులోకి దిగి, గోడలు తొలిచి గదులు చేసుకున్నాం. పైనుంచి వచ్చాక గోనె పరదాలు తడిపాం. ఉమ్మడి వంటింట్లో జొన్నజావ కాచాం. వంటింటికి పెద్ద మా వదిన మేఘన. మా ఆయనకు అక్క. ఆయన వడదెబ్బకు పోయిన దగ్గర్నుంచి మేమిద్దరం ఒకే గదిలో ఉంటూ, ఒకే గదిలో పోట్లాడుకుంటున్నాం.

మీ మనుషులు ఇవాళ వంటింటి గోడకు చెవి బిగించి వెళ్ళారు. కొబ్బరిచిప్పంత నల్లటి వస్తువు. ఇక నుంచి నీళ్ళ బండి కోసం ఎవరూ పైకెక్కి కబురు పెట్టనక్కర్లేదట. నీళ్ళ డ్రమ్ము సంగతి దాని ముందు గట్టిగా చెప్తే చాలు, అదే బండిని పిలుస్తుందట. పనిలో పనిగా మా మాటలన్నీ విని, ఎవరి మతి ఎలా ఉందో మీకు చేరవేస్తుందట. వదిన దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇదేందే హాసినీ, బొట్టు పెట్టి పిలవకుండానే వంటింట్లో తిష్ఠేసింది?" అంది.

దాని కింద పచ్చ దీపం వెలిగింది. విన్నదని గుర్తట.

నమోదు 9 – భరణి కార్తె

జావలోకి మిరపకాయ నంజుకున్నాం. మిరపకాయలు ఇప్పుడు హిమాలయాల కింది నుంచి వస్తున్నాయి. వాటికి కారమూ లేదు, సిగ్గూ లేదు.

ఇవాళ వడమరుపు గురించి రాస్తాను. మీకు తెలియదని కాదు. నాకు తెలుసని మీకు తెలియాలి. చీకటి పడ్డా రాళ్ళు చల్లారవు. ఒళ్ళు కాలుతుంటే నిద్ర పట్టదు. నిద్ర లేని బుర్ర తోమని అంట్ల గిన్నెలాగే ఉంటుంది, నిన్నటిది గీరుకోకుండా ఇవాళ్టిది వండుకోవాలి. మొదట కోపం వస్తుంది. అందుకే వేసవిలో ఈ గుంతలో మొగుడూ పెళ్ళాలు చెంబు ఎక్కడ పెట్టావన్నదానికి కూడా కొట్టుకుంటారు. కోపం తర్వాత పేర్లు పోతాయి. పేర్ల తర్వాత దారి, ఆ తర్వాత అయినవాళ్ళ ముఖాలు.

పోయిన రోహిణిలో వదిన నన్ను అమ్మా అని పిలిచింది. బడికి టైమవుతోంది, జడ వెయ్యమంది. తలలో నాలుగు వెంట్రుకలు లేవు, అయినా వేశాను. మృగశిర చినుకులు పడి గుంత చల్లబడ్డాక మనిషి తిరిగొచ్చింది. అద్దంలో చూసుకుని, "నాకీ పిలక ఎవత్తి ఏసిందే?" అని నా మీద విరుచుకుపడింది. ఆ తిట్లు విని నేను ఏడ్చాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ తిట్లు తినలేదు.

కాబట్టి వదినకు వడమరుపు ఉందా అని నన్ను అడిగితే, వేడికి ఉంది, చినుకుకు లేదు అని చెప్తాను. మీ దగ్గర ఆ గడి లేదు. ఉంది, లేదు అన్న రెండు గడులే ఉన్నాయి. ఉందన్న గడిలో పడ్డవాళ్ళను ఉత్తరాన కొండల్లో ఉన్న చలువ ఇంటికి తీసుకుపోతారు. అక్కడ చల్లగా ఉంటుందట, మంచం ఇస్తారట, పని ఉండదట. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. అడిగితే బాగున్నారంటారు. బాగున్నవాళ్ళు ఇంటికి రావాలి గదా.

నమోదు 16 – కృత్తిక కార్తె

పొద్దున డ్రమ్ము అడుగు కనిపించింది. వదిన చెయ్యి కడుక్కుని, కొంగు సర్దుకుని, పెద్దమనిషి ముందు నిలబడ్డట్టు చెవి ముందు నిలబడి, "నీళ్ళు నిండుకున్నాయి" అని చెప్పింది. పచ్చ దీపం వెలిగింది.

బండి రాలేదు.

సాయంత్రం మళ్ళీ చెప్పింది. ఈసారి చెవిటివాడికి చెప్పినట్టు అరిచి చెప్పింది. మళ్ళీ పచ్చ దీపం. బండి మాత్రం లేదు. గుంత అడుగున సున్నం వాసన వేసే ఊట ఉంది. అది కాచి వడగట్టి తలా గ్లాసు ఇచ్చాం. పరదాలు తడపడానికి మిగల్లేదు. ఎండిన గోనెల్లోంచి వడగాలి తిన్నగా లోపలికి వచ్చింది. ఎవరూ నిద్రపోలేదు.

ఇవాళ నేను ఎవరితో మాట్లాడానో రాయాలి గదా. చెవితో మాట్లాడాను. ఏం మాట్లాడానో మీరే విని ఉంటారు.

నమోదు 19 – కృత్తిక కార్తె

మతిపలక మీద తాఖీదు వచ్చింది. పిల్లుట్ల మేఘన, వయసు అరవై ఎనిమిది, వాస్తవానికి పూర్తిగా వ్యతిరేకంగా మాట్లాడుతున్నట్టు పలుమార్లు నమోదైనది, ఇది ముదిరిన వడమరుపు లక్షణం, రోహిణిలో అధికారి వచ్చి పరీక్షించెదరు, అంతవరకు పొయ్యి దగ్గరకు పంపరాదు. ఇదీ దాని సారాంశం.

వదినకు చదివి వినిపించలేదు. రోజంతా ఆమె వెనకే తిరిగాను. జావలో ఉప్పు రెండుసార్లు వేసింది. మూత ఎక్కడ పెట్టానని వెతికింది, మూత చేతిలోనే ఉంది. ఇవన్నీ నేనూ చేస్తాను. కానీ తాఖీదు చదివిన కళ్ళతో చూస్తే ప్రతిదీ జబ్బులాగే కనిపించింది. అదీ మీరు చేసిన పని. ఇంటి మనిషిని నేను మీ కళ్ళతో చూశాను ఇవాళ.

"ఏందే, నా ఎనకమాల తోకలాగ తిరుగుతన్నావు? నీకేమన్నా మతి పొయ్యిందా?" అంది వదిన చివరికి.

పొయ్యి దగ్గరకు పంపరాదట. వచ్చి మీరే ఆపండి, చూస్తాను.

నమోదు 20 – కృత్తిక కార్తె

పిలవకపోయినా వారానికోసారి వచ్చే నీళ్ళ బండి ఇవాళ వచ్చింది. నడిపేది షేక్ బాజీ. మా ఆయనతో కలిసి తిరిగినవాడు, నన్ను అక్కా అంటాడు. పైపు దింపుతుంటే నేను వాడి మీద ఎగిరిపడ్డాను. ఇన్ని రోజులు గొంతులు ఎండబెట్టి ఇప్పుడా వచ్చేది అని అడిగాను.

బాజీ బిత్తరపోయాడు. "నన్నంటావేందక్కా? మీ కాడ నీళ్ళు నిండుగా ఉన్నయ్యని రోజూ వస్తందిగా. ఇదుగో చూడు."

వాడి చేతిలో ఉన్న పలక లాక్కుని చదివాను. నాపగుంత ఉమ్మడి వంటిల్లు. నీళ్ళు: నిండుగా. నీళ్ళు: నిండుగా. నీళ్ళు: నిండుగా.

తర్వాత ఖాళీ బియ్యం డబ్బా తెచ్చి, చెవి ముందు పట్టుకుని, వదిన గొంతుతో, "బియ్యం నిండుకున్నాయి" అన్నాను. పచ్చ దీపం వెలిగింది.

"బియ్యం: నిండుగా" అని చదివాడు బాజీ. వాడికీ అర్థమైంది. "ఓర్నీ! దీనికి తెలుగు రాదక్కా!"

నవ్వాను. హాసినికి ఆ పేరు పెట్టినందుకు ఒక్కరోజైనా న్యాయం చేశాను. గుంత గోడలకు కొట్టుకుని నా నవ్వు నాకే వినిపించింది. డబ్బాలో బియ్యం లేకపోతే లేవు అనం. అయిపోయాయి అని అసలే అనం. నిండుకున్నాయి అంటాం. తెలుగు వంటింట్లో పుట్టి పెరిగిన ఏ పిల్లనైనా అడగండి. ఈ ముక్క తెలియని యంత్రం మా మతికి మార్కులు వేస్తోంది. అది తప్పు విన్నందుకు నీళ్ళు రాలేదు, నీళ్ళు రానందుకు గది చల్లబడలేదు, గది చల్లబడనందుకు నిద్ర లేదు, నిద్ర లేనందుకు జావలో రెండు ఉప్పులు. ఇప్పుడు ఆ ఉప్పు చూపించి మతి పోయిందంటారు.

మతి పోయింది మీ చెవికి. ఇది తిట్టు కాదు, ఫిర్యాదు. విడిగా కూడా పంపుతున్నాను.

నమోదు 21 – కృత్తిక కార్తె

ఫిర్యాదుకు జవాబు వచ్చింది. త్వరగానే వచ్చింది, మెచ్చుకోవాలి. "యంత్రం సవరణకు సమయం పడుతుంది. అంతవరకు నివాసులు 'నిండుకున్నాయి' బదులు 'అయిపోయాయి' అని పలకగలరు. పరీక్షలోనూ అలాగే పలికినచో మేఘన గారి నమోదు పునఃపరిశీలించబడును."

ఒక్క మాట మార్చి అంటే చాలు, వదిన ఇక్కడే ఉంటుంది. ఉరుకులు పరుగుల మీద వెళ్ళి తాఖీదు సంగతీ, జవాబు సంగతీ మొత్తం చెప్పాను. ఆమె చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపలేదు.

"నేననను" అంది.

"ఒదినా, పరీక్ష రోజు ఒక్కసారే. అయిపొయ్యాయి అను. అంతే."

"గిన్నె ముందర నిలబడి ఆ మాట నా నోటెంట రాదు. మా అమ్మ అనలా, మా అమ్మమ్మ అనలా. కరువొచ్చిన ఏడు కూడా అనలా."

"నిన్ను తీసకపోతారు ఒదినా! చలవ ఇంటికి! నీకర్థం కావట్లా?"

నేను అరిచాను. చేతిలో ఉన్న గరిటె విసిరేశాను. చెప్పానుగా, వేడికి మొదట వచ్చేది కోపం. వదిన చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది. ఈ మధ్య ఆమె ఇంత తేటగా మాట్లాడిన రోజు లేదు.

"నాకర్థమయ్యే చెప్తన్నానే. రోజూ ఒక మాట పోతంది నాకు. నిన్న జల్లెడ పేరు గుర్తు రాలా, రోలు పేరు గుర్తు రాలా. అయ్యన్నీ ఎండ ఎత్తకపోయింది, నేనేం చెయ్యలేను. ఈ ఒక్కటీ ఇంకా నా కాడ ఉంది. దీన్ని నా చేత్తో నేనే తీసి ఇచ్చెయ్యమంటావా?"

గరిటె తీసి కడిగాను. మీరు మాత్రం ఆ సంభాషణ మొత్తం విన్నారు. వ్యతిరేకపు మాటలు ఎన్ని దొరికాయో లెక్క వేసుకోండి.

నమోదు 31 – రోహిణి కార్తె

మీ అధికారి ప్రణవి గారు పరీక్షకు వచ్చారు. నలభై దాటని మనిషి. గుంతలోకి వాలుబాట దిగేసరికే ముఖం కందిపోయింది. మనిషి మంచిదే. ఆ మాట కూడా రాస్తున్నాను, ఆమెకు పనికొస్తే రానీ.

వదినకు ఇవాళ బాగాలేదు. లేవగానే, మా తమ్ముడు జావ తాగాడా అని పోయిన మా ఆయన గురించి అడిగింది. తాగాడని చెప్పాను.

ప్రణవి గారు నెమ్మదిగానే అడిగారు. ఇది ఏ కార్తె అంటే, "రోహిణి. ఒళ్ళే చెప్తంది గదమ్మా" అంది వదిన. ఐదు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగితే రెండు చెప్పగలిగింది. నా పేరు అడిగితే నా వంక చూసి, "అది మా పిల్ల" అంది. నాకు కళ్ళు మండాయి. చెమట వల్ల కాదు.

చివరికి డ్రమ్ము దగ్గరకు తీసుకెళ్ళారు. మూత తీసి చూపించారు. అడుగు తడి కూడా లేదు. గుంతలో ఆడవాళ్ళందరూ వంటింటి గుమ్మం దగ్గర మూగారు.

"అమ్మా, ఇందులో నీళ్ళు ఉన్నాయా?" అని అడిగారు ప్రణవి గారు.

నేను వెనక నుంచి వదినకు సైగ చేశాను. పెదాలతో ఆ మాట పలికి చూపించాను. సిగ్గు లేకుండా చేశానని రాసుకోండి. వదిన డ్రమ్ములోకి వంగి చూసింది. తల ఎత్తి ప్రణవి గారిని చూసింది.

"నిండుకున్నాయమ్మా" అంది. "నీ గొంతెండిపొయ్యినట్టుంది. ఉండు."

గదిలోకి వెళ్ళి తన వంతు నీళ్ళు చెంబుతో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఇవాళ్టికి వదినకు ఉన్నవి ఆ నీళ్ళే. తాగకపోతే వదిన ఊరుకోదని అర్థమై ప్రణవి గారు తాగారు. గోడ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

నేను ఆమెను వాలుబాట మొదట్లో పట్టుకున్నాను. "మీ అమ్మగారు బియ్యం డబ్బా తీసి చూసి ఏమనేవారు?" అని అడిగాను.

ఆమె నేల చూపులు చూశారు. "నిండుకున్నాయి అనేది."

"మరి?"

"నేను రాస్తానమ్మా, తప్పకుండా రాస్తాను. కానీ యంత్రం నివేదిక నా చేతిలో ఆగదు. నా కాగితం వాళ్ళు చదివేలోపు మృగశిర కూడా దాటిపోతుంది. రేపు పొద్దున బండి వస్తుంది. ఆవిడ బట్టలు సర్దండి."

సర్దలేదు.

నమోదు 32 – రోహిణి కార్తె

ఇవాళ చేసిన పనులు.

తెల్లవారేసరికి ఆడవాళ్ళం ఖాళీ బిందెలు, గిన్నెలు, డబ్బాలు పట్టుకుని వాలుబాట మీద వరసగా కూర్చున్నాం. గుంతలోకి దిగడానికి దారి అదొక్కటే. ఎవరినీ నేను పిలవలేదు. నిన్న వదిన డ్రమ్ములోకి వంగి చూసినప్పుడు గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళంతా వచ్చారు.

మీ తెల్ల బండి వచ్చింది. ఎవరు కబురు పెట్టారో గానీ, దానికంటే ముందే బాజీ నీళ్ళ బండి వచ్చి, వాలుబాట మూతికి అడ్డంగా ఆగి ఉంది. మీ డ్రైవరు హారన్ కొట్టి కొట్టి దిగి వచ్చాడు. బాజీ బానెట్ ఎత్తి లోపలికి చూస్తున్నాడు.

"స్టార్టవట్లేదు సారూ. ఎండకి దీనికి గూడా మతి పొయ్యింది" అన్నాడు.

డ్రైవరు కాసేపు అరిచాడు. ఎండ నడినెత్తికి వస్తుంటే ఎంతసేపని అరుస్తాడు? వాళ్ళ నీళ్ళ సీసాలు కూడా ఖాళీ అవుతున్నాయి. మేము అవే పట్టాల నీడలో, అదే వేడిలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళం. కూర్చోవడంలో మమ్మల్ని ఎవరూ గెలవలేరు. మీ బండి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. రేపు మళ్ళీ వస్తుందని తెలుసు. మేమూ మళ్ళీ కూర్చుంటాం.

వాళ్ళు పోయాక బాజీ బండి చిత్రంగా స్టార్టయి నీళ్ళు వదిలింది. పరదాలన్నీ తడిపాం. వదినను గుంతలో అన్నిటికంటే లోపలి గదిలో, రాయి చల్లగా తగిలే చోట పడుకోబెట్టాం. ఆమెకు ఈ గొడవేమీ తెలియదు.

"ఇంతమంది జనం ఏందే? పెళ్ళా?" అని అడిగింది.

"అవునొదినా."

"మరి చెప్పవేందే? వంట ఎవురు చేస్తన్నారు?" అని లేవబోయింది. పట్టుకుని ఆపడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. తర్వాత నిద్రపోయింది. ఇది రాస్తున్నప్పుడు కూడా నిద్రపోతూనే ఉంది. గుంతంతా అడుగుల చప్పుడు కాకుండా నడుస్తున్నారు.

ఇంకొక సంగతి. ఇన్నాళ్ళూ ఈ పలక మీద రాసేటప్పుడు ఏదైనా పేరు గుర్తు రాకపోతే, ఆ వాక్యం చెరిపి ఇంకోలా రాసేదాన్ని. మీకు దొరక్కుండా. ఇవాళ చెరపను. నీళ్ళ బండి ఎక్కడ నింపుకొస్తుందో ఆ పైన కట్టే పెద్దది, దాని పేరు నాకు పొద్దుట్నుంచి గుర్తు రావడం లేదు. రాసుకోండి. నాకూ వడమరుపే. ఈ గుంతలో అందరికీ వడమరుపే, తక్కువా ఎక్కువా అంతే తేడా. ఈ వేడిలో రాకపోతే ఆశ్చర్యపోవాలి. బుర్ర చెడ్డవాళ్ళను ఏరుకుని కొండలకు తీసుకుపోయి చల్లబరచడం వైద్యమని మీరు అనుకుంటున్నారు. బుర్ర చెడక ముందు చల్లబరచండి. ఇక్కడే, మా వాళ్ళ మధ్య. చీకటి పడ్డాక గుంత మొత్తం నిద్రపోయేలా చలువ యంత్రాలు పెట్టండి. పిలిస్తే బండి పంపండి. అప్పుడు ఎంతమందికి మతి పోయిందో వచ్చి లెక్కపెట్టుకోండి.

బండి వెళ్ళిపోయాక మేమందరం ఒక్కొక్కరం చెవి ముందుకు వెళ్ళి చెప్పాల్సింది చెప్పాం. పెద్దవాళ్ళం పలకల మీద కూడా అదే రాస్తున్నాం. కాబట్టి ఇవాళ మీ దగ్గరకు ఈ గుంత నుంచి వచ్చే నమోదులన్నిటిలో ఒకే మాట ఉంటుంది. యంత్రం చెడిందేమోనని అనుకోకండి, వినడం మాత్రం బాగానే విన్నది.

మాకు ఓపిక నిండుకుంది. మీ చెవి దాన్ని ఎలా రాసుకుని ఉంటుందో నాకు తెలుసు. మీరు మాత్రం తెలుగులో చదువుకోండి.